‘దొరికింది’ అని అరిచింది నేనే

ఎనిమిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఎక్కడా దించుకోలేకపోయాను. గుళ్ళో దేవుడి ముందు నిలబడినా నోరు పెగల్లేదు. భార్య పక్కన కూర్చున్నా పెగల్లేదు. ఇక మోయలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో. ఇదీ ఒకరకం పిరికితనమే. ఆ మాట మీరు అనకముందే నేనే అనేస్తున్నాను.

నా పేరు రాయను. ఊరు కమ్మింగ్, అట్లాంటాకి ఉత్తరాన. మనవాళ్ళ ఊరే అనుకోండి. ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఎదుటివాళ్ళు రాసినదాంట్లో తప్పులు పట్టుకోవడమే నా ఉద్యోగం. మా అమ్మాయిని ఇక్కడ సిరి అంటాను. గోల్ఫ్ ఆడే తెలుగమ్మాయి అనగానే కొందరు పోల్చుకుంటారు. పోల్చుకోనివ్వండి. ఒక్కోసారి అలా ఎవరో పట్టుకుంటే బాగుండునని కూడా అనిపిస్తుంది.

సిరి ఇక్కడే పుట్టింది. దానికి ఏడేళ్ళప్పుడు మేముండే అపార్ట్‌మెంట్ల వెనక గోల్ఫ్ ప్రాక్టీస్ చేసే చోటు ఒకటుండేది. సాయంత్రం నడకకి వెళ్ళినప్పుడు కంచె పట్టుకుని చూసేది. ఒకరోజు అక్కడి ముసలాయన పాత క్లబ్ ఒకటి, అదే బంతి కొట్టే కర్ర, చేతికిచ్చాడు. మొదటి దెబ్బకే బంతి గాల్లోకి లేచింది. వెనక్కి తిరిగి నా వైపు చూసిన ఆ ముఖం ఇప్పటికీ నా కళ్ళలో ఉంది. ఆ రోజు నుంచి నా శనాదివారాలు దానివి.

ఇంట్లో గొడవలు తక్కువేం కాలేదు. మా ఆవిడ వసంతది నల్గొండ. "ఆడపిల్లకి గోల్ఫేంది? ఎండల నల్లగైతది, చదువు పోతది," అని రోజూ అనేది. పార్టీల్లో స్నేహితులు నవ్వేవారు. వాళ్ళ పిల్లలు స్పెల్లింగ్ పోటీలకి, కూచిపూడికి వెళ్తుంటే నేను నా కూతుర్ని ఎండలో నడిపించేవాణ్ణి. చూస్తూ ఉండండి, అనుకునేవాణ్ణి లోపల. చూస్తూ ఉండండి, ఒకరోజు మీరే వచ్చి ఫోటో దిగుతారు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, నేను చేసింది కూతురి కోసం చేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు అంత నమ్మకంగా చెప్పలేను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. దానికి తొమ్మిదేళ్ళప్పుడు ఒక చిన్నపిల్లల పోటీలో, గడ్డిలో ఇరుక్కున్న బంతిని కాలితో మెల్లగా బయటికి జరిపింది. ఎవరూ చూడలేదు. నేను చూశాను. ఆట అయ్యాక చెయ్యి పట్టుకుని నిర్వాహకుల దగ్గరికి తీసుకెళ్ళి దాని నోటితోనే చెప్పించాను. మెడల్ పోయింది. కార్లో ఇల్లు చేరేదాకా ఏడ్చింది. ఎవరూ చూడనప్పుడు ఎలా ఆడతామో అదే మన ఆట తల్లీ, అన్నాను. ఆ మాట అన్నవాణ్ణి నేనే. ఆ మనిషి ఏమైపోయాడు? ఏ మలుపులో దిగిపోయాడు? నాకు నిజంగా తెలియదు.

ఆ చిన్నపిల్లల పోటీల్లోనే కేలీ పరిచయమైంది. జార్జియా దక్షిణాన చిన్న ఊరి పిల్ల. తల్లికి ఎప్పుడూ పనే, అందుకని అమ్మమ్మ తీసుకొచ్చేది. ఆ అమ్మమ్మని అందరూ మిస్ డాటీ అనేవారు. మడత స్టూలు ఒకటి చంకలో పెట్టుకుని, మనవరాలి వెంట ఆట పొడవునా నడిచేది. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు సంచిలో తెచ్చి నా చేతిలో పోసేది. చిన్నప్పుడు మా గుంటూరులో తిన్న రుచి. ఆ మాట చెబితే ఆమె మురిసిపోయి, ఆ తర్వాత ఏ పోటీకొచ్చినా నాకోసం వేరే సంచి తెచ్చేది. కేలీ మా ఇంట్లో పడుకునేది. వసంత వేసిన దోసెలు తినేది. సిరి స్నేహితులందరిలాగే నన్ను అంకుల్ అని పిలిచేది.

ఇద్దరూ వేర్వేరు కాలేజీలకి గోల్ఫ్ స్కాలర్‌షిప్ మీద వెళ్ళారు. సిరి పేరు త్వరగానే బయటికి వచ్చింది. రెండో సంవత్సరానికి కాలేజీ జట్టులో మొదటి పేరు తనదే. కాని ఆఖరి సంవత్సరం ఏదో జరిగింది. గెలుపు దగ్గరిదాకా వెళ్ళి చేజారేది. ఒకసారి ఇంటికొచ్చి, "నాన్నా, ఈ ఛాంపియన్‌షిప్ విన్ అవకపోతే ఐ యామ్ డన్. జాబ్ చేస్తా. నువ్వు శాడ్ అవకు," అంది. నేను సరేనన్నాను. ఆ వారం నాకు అన్నం సయించలేదు.

అది కాలేజీల ప్రాంతీయ ఛాంపియన్‌షిప్. గెలిచినవాళ్ళకి ఒక ప్రొఫెషనల్ టోర్నమెంట్‌లో ఆడే పిలుపు వస్తుంది. రెండోస్థానానికి చప్పట్లు వస్తాయి. ఆఖరి రోజు సిరి, కేలీ ఒకే గుంపులో ఆడారు. ఇద్దరి స్కోరూ సమానం. నేనూ మిస్ డాటీ పక్కపక్కనే నడిచాం. ముందు రోజంతా వాన పడి, ఆ రోజు మాత్రం ఎండ కాసింది.

ఆట ముగియడానికి ఇంకా కొద్దిగానే ఉండగా, సిరి కొట్టిన బంతి కుడి పక్కకు తిరిగి పైన్ చెట్లలోకి పోయింది. చప్పుడు కూడా వినిపించలేదు. ముందు జాగ్రత్తగా రెండో బంతి కొట్టింది. మొదటిది దొరక్కపోతే ఆ రెండోది లెక్కలోకి వస్తుంది, పెనాల్టీతో సహా. అప్పుడు గెలుపు దాదాపు లేనట్టే. వెతకడానికి అప్పటి రూల్ ప్రకారం ఐదు నిమిషాలు.

అందరం వెతికాం. సిరి వెతికింది. కేలీ కూడా, అది దొరక్కపోతే గెలిచేది తనే అయినా, మోకాళ్ళ మీద కూర్చుని రాలిన పైన్ ఆకుల్ని చేత్తో తోస్తూ వెతికింది. మిస్ డాటీ స్టూలు చెట్టుకి ఆనించి, నడుం వంచి వెతికింది. అప్పటికే ఆమెకి నడుంనొప్పి. "నీ కళ్ళు నాకంటే మంచివి, హనీ, ఆ పక్క చూడు," అంది నాతో.

నా చెయ్యి జేబులో ఉంది.

జేబులో ఒక బంతి ఉంది. పొద్దున ప్రాక్టీస్ చేస్తూ సిరి గడ్డి మీద వదిలేసినదాన్ని, పోతుందని నేనే తీసి విండ్‌చీటర్ జేబులో వేసుకున్నాను. అదే కంపెనీ, అదే అంకె. తన బంతి అని తెలియడానికి సిరి పెట్టుకునే రెండు పచ్చ చుక్కలు దాని మీద కూడా ఉన్నాయి. అప్పటిదాకా అది జేబులో ఉందన్న సంగతే నాకు గుర్తులేదు. ఇది నిజం. ముందుగా అనుకుని చేసింది కాదు. కాని ఈ మాట ఎవరికి పనికొస్తుంది? వేళ్ళకి తగిలింది. తగిలాక నాకు తెలుసు. తెలిసిన తర్వాత నేను రెండడుగులు వేశాను, చెట్ల మధ్య కాస్త సందు కనిపించేచోటికి, అక్కడి నుంచి కొడితే గ్రీన్ మీదికి, గుంట ఉండే పచ్చిక మీదికి, పోతుందని చూసుకుని మరీ. వంగాను. బూటు లేసు సర్దుకున్నాను. చెయ్యి తెరిచాను.

లేచి, "దొరికింది!" అని అరిచాను. తెలుగులోనే. ఇంగ్లీషు నోటికి రాలేదు.

సిరి పరుగెత్తుకొచ్చింది. వంగి చుక్కలు చూసింది. నా మెడ చుట్టూ చేతులేసి ఒక్క క్షణం వేలాడింది, చిన్నప్పటిలాగా. కేలీ "థాంక్ గాడ్" అంది. నిజంగానే అంది. ఆ పిల్ల మనసు అలాంటిది. చెట్ల సందులోంచి సిరి కొట్టిన ఆ షాట్ గురించి తర్వాత అందరూ మాట్లాడుకున్నారు. ఆ షాట్ దానిదే. దానిలో దొంగతనం లేదు. ఆడిన చోటే దొంగది.

ఒక్క స్ట్రోక్, అంటే ఒక్క దెబ్బ, తేడాతో గెలిచింది.

ఇంకా ఫలితం ప్రకటించలేదు. సిరి, కేలీ స్కోర్లు సరిచూసుకునే గుడారంలో ఉన్నారు. నేను అందరికీ దూరంగా కారు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. మిస్ డాటీ మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. గుప్పిట్లో ఏదో ఉంది. ఆమె ఇంగ్లీషులో అన్నది నా తెలుగులో రాస్తున్నాను. ఆ మాటలు మాత్రం ఒక్కటీ మర్చిపోలేదు.

"స్టూలు అక్కడే మర్చిపోయి వెనక్కి వెళ్ళాను, హనీ. ఇది ఒక వేరు కింద ఇరుక్కుని ఉంది. మీ అమ్మాయిదేనా?"

రెండు పచ్చ చుక్కలు.

"అవును," అన్నాను. "నిన్నటిది. నిన్న ఆటలో అక్కడే ఒకటి పోయింది."

ఆమె బంతిని వేళ్ళ మధ్య తిప్పి చూసింది. "నిన్నంతా వాన కదా. దీనికి మట్టి మరక కూడా లేదు."

దూరంగా మైకు సర్దుతున్న చప్పుడు. ఆమె నా ముఖంలోకి చూసింది. కోపంగా చూసి ఉంటే బతికిపోయేవాణ్ణి. అలా చూడలేదు. ఎదురుచూస్తున్నట్టు చూసింది.

"నిన్నటిదేనంటావా?"

"నిన్నటిదే, మేడమ్."

"సరే. నువ్వంటే సరే." బంతి నా చేతిలో పెట్టి, నా వేళ్ళు మూసి, పైన తన చెయ్యి ఒక్కసారి ఆనించి వెళ్ళిపోయింది.

ఆమెకి తెలుసా? ఎనిమిదేళ్ళుగా ఈ ఒక్క ప్రశ్న నన్ను తినేస్తోంది. తెలిస్తే ఎందుకు ఊరుకుంది? గుడారం అక్కడే ఉంది, అధికారులు అక్కడే ఉన్నారు, గెలవాల్సింది తన మనవరాలు. సిరి మీద మచ్చ పడుతుందని ఆగిందా? నేను వెళ్ళి చెబుతానని, నాకు కాస్త సమయం ఇచ్చిందా? లేక నా మాటని ఉన్నదున్నట్టు నమ్మేసిందా? నమ్మి ఉంటే, అది తెలిసి ఊరుకున్నదానికన్నా భరించరానిది. ఒక్కోరోజు ఒక్కోటి నిజమనిపిస్తుంది. ఏది నిజమైనా నేను మాత్రం ఆ కారు దగ్గర నుంచి కదల్లేదు. పేరు పిలిచారు. చప్పట్లు వినిపించాయి. అప్పుడు కదిలాను, ఫోటో కోసం.

దారిలో పెట్రోలు పోయించుకున్నచోట ఆ బంతిని చెత్తడబ్బాలో వేశాను.

ఆ తర్వాతిది అందరికీ తెలిసిన కథ, అంటే మనవాళ్ళలో. ఆ పిలుపుతో ఆడిన టోర్నమెంట్‌లో సిరి బాగా ఆడింది. స్పాన్సర్ వచ్చాడు. డిగ్రీ అవగానే ప్రొఫెషనల్ అయింది. మొదట్లో చిన్న టూర్లు. ఊరూరా మోటళ్ళు, ఒక్కోసారి నేనే బ్యాగు మోసేవాణ్ణి. తర్వాత పెద్ద టూర్‌లో ఆడే కార్డు వచ్చింది. అన్నట్టే స్నేహితులు వచ్చి ఫోటోలు దిగారు. ఒకప్పుడు నవ్విన ఆయనే తన కూతుర్ని మా ఇంటికి తీసుకొచ్చి, "అన్నా, మీరే దారి చూపాలి," అన్నాడు. ఆ సాయంత్రం నేను బాత్‌రూంలోకి వెళ్ళి నీళ్ళు వదిలి, చాలాసేపు అలా కూర్చుండిపోయాను.

కేలీ ఒక ఏడాది చిన్న టూర్లలో ఒంటరిగా తిరిగింది. ఆమె వెనక ఎవరూ నిలబడలేదు. రెండోస్థానాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. మానేసి ఊరికి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఒక పళ్ళ డాక్టరు ఆఫీసులో ఫ్రంట్ డెస్క్ దగ్గర కూర్చుంటుంది. ఆ ఆఫీసు ఫేస్‌బుక్ పేజీ నేను చూస్తుంటాను. ఎందుకు చూస్తానో అడక్కండి. క్రిస్మస్ టోపీ పెట్టుకుని నవ్వుతున్న ఫోటో ఒకటుంది. సంతోషంగానే ఉందేమో అనుకుంటాను. అలా అనుకోవడంలో నా స్వార్థం నాకు కనిపిస్తూనే ఉంటుంది.

మూడేళ్ళ క్రితం సీజన్ ఆఖరి టోర్నమెంట్. మరుసటి ఏడాది కార్డు నిలబెట్టుకోవాలంటే సిరి ఆ రోజు బాగా ఆడి తీరాలి. ఎత్తుగడ్డిలో బంతి వెనక క్లబ్ ఆనించింది. ఆగింది. వెనక్కి తగ్గి అధికారిని పిలిచింది. బంతి కదిలింది, నా క్లబ్ తగిలే కదిలింది, అని చెప్పింది. తోటి ఆటగాళ్ళు చూడలేదు. కెమెరాలో లేదు. నేను ప్రేక్షకుల తాడు ఇవతల నుంచి రెప్ప వాల్చకుండా చూస్తున్నాను, నాకే కనిపించలేదు. తన మీద తానే పెనాల్టీ వేసుకుంది. ఆ ఒక్క స్ట్రోక్‌తోనే కార్డు పోయింది.

బయటికి వచ్చాక ఎవరో మైకు పెట్టి, అంత కష్టమైన పని ఎలా చేయగలిగారని అడిగారు. సిరి నవ్వి, "కష్టం కాదు. మా నాన్న నాకు తొమ్మిదేళ్ళప్పుడే నేర్పాడు," అంది. కెమెరా నా వైపు తిరిగింది. నేను ఏడుస్తున్నాను. తండ్రి కన్నీళ్ళని రాశారు. ఆ క్లిప్ వాట్సాప్‌లో తిరిగి తిరిగి ఇండియా నుంచి మళ్ళీ నాకే వచ్చింది. కేలీ సిరికి మెసేజ్ పెట్టింది: నిన్ను చూసి గర్వంగా ఉంది, మీ నాన్నని చూసి కూడా.

ఆ రోజే చెప్పాల్సింది. చెప్పబోయాను కూడా. ఇంటికొచ్చాక వంటింట్లో వసంతతో, "ఆ రోజు కాలేజీ ఆటలో, చెట్లలో ఆ బంతి..." అని మొదలుపెట్టాను. ఆమె కూర కలుపుతూనే నవ్వింది. "మల్లా అదేనా? నువ్వు దొరకవట్టినవ్, తెలుసు తీ. ఎన్నిసార్లు చెప్తవ్?" నేను కంచాలు తీసి బల్ల మీద పెట్టాను. మా ఇంట్లో అది ఇష్టమైన కథ. పండగలకి చెప్పుకుంటారు. నేను పక్కనే కూర్చుని నవ్వుతుంటాను.

పోయిన చలికాలం మిస్ డాటీ పోయింది. సిరి ఆ ఊరు వెళ్ళింది. నన్నూ రమ్మంది. ఆఫీస్‌లో రిలీజ్ ఉందన్నాను. లేదు. తిరిగొచ్చి చెప్పింది: "నాన్నా, మిస్ డాటీ ఎప్పుడూ నీ గురించే అడిగేదట. మీ డాడీ హ్యాపీగా ఉన్నాడా అని. కేలీ చెప్పింది." హ్యాపీగా ఉన్నాడా అని. అంతే అడిగేదట. ఇక ఆమెని అడగడానికి లేదు. మన్నించమనడానికీ లేదు. ఉన్నన్నాళ్ళూ నాలుగు గంటల డ్రైవ్ దూరంలోనే ఉంది. ఒక్కసారి వెళ్ళలేకపోయాను.

ఇక సిరికి చెప్పడం. చెబితే ఏం చేస్తుందో నాకు తెలుసు. ఒక్క రోజు కూడా ఆగదు. కాలేజీకి ఫోన్ చేస్తుంది, ట్రోఫీ తిరిగిచ్చేస్తుంది, కేలీ ఇంటి ముందు నిలబడుతుంది, అందరికీ బహిరంగంగా చెబుతుంది. తను చేయని తప్పుకి తనే తల వంచుతుంది. అలాంటి పిల్ల. అలా పెంచింది నేనే. ఆ తర్వాత తన ఆటలో ప్రతి గెలుపునీ వెనక్కి తిరిగి అనుమానంగా చూసుకుంటుంది. చెప్పడం వల్ల తేలికపడేది నేను, మునిగిపోయేది తను. అందుకే చెప్పలేదంటాను. కాని ఇదీ ఒక సాకేనా? దాని కళ్ళలో నేను కూలిపోవడం చూడలేక, ఆ భయానికి దాని పేరు పెట్టుకున్నానా? పోనీ కేలీకి? ఆ పిల్ల బతుకు ఎటు తిరిగిందో ఆ పిల్లకే తెలియదు. తెలుసుకునే హక్కు లేదా? ఉంది. ఆ హక్కుని రోజూ పొద్దున లేచి నేను మళ్ళీ కాజేస్తున్నాను. ఎనిమిదేళ్ళ క్రితం చేసింది ఒక్కసారి కాదు. రోజూ చేస్తున్నాను.

ఇప్పుడెందుకు రాస్తున్నానో చెబుతాను. సిరి ఇక్కడే చిన్నపిల్లలకి గోల్ఫ్ నేర్పడం మొదలుపెట్టింది. ఎక్కువమంది మనవాళ్ళ ఆడపిల్లలే. ఈ శనివారం తల్లిదండ్రులందర్నీ పిలిచింది. నిన్న ఫోన్ చేసి, "నాన్నా, నువ్వు వచ్చి టెన్ మినిట్స్ మాట్లాడు, చాలు. ఆ బాల్ స్టోరీ చెప్పు. లాస్ట్ సెకండ్ వరకు వెతికావు కదా, గివప్ చేయలేదు. కిడ్స్‌కి అది తెలియాలి," అంది.

చూస్తాలే అన్నాను.

వెతకడం. ఆ మాట విన్నప్పటి నుంచి కూర్చోలేకపోతున్నాను, నిలబడలేకపోతున్నాను. ఆ రోజు ఆ చెట్ల కింద అందరూ వెతికారు. సిరి వెతికింది. ఓడిపోతానని తెలిసీ కేలీ వెతికింది. నడుంనొప్పితో ఆ ముసలావిడ వెతికింది. వెతకడం మానేసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆఫీస్ పార్కింగ్‌లో, కార్లో కూర్చుని లంచ్ టైంలో ఇది టైప్ చేస్తున్నాను. అద్దాలు మూసే ఉన్నాయి. మన్నించమని మిమ్మల్ని అడగను. మన్నించాల్సినవాళ్ళలో ఒకరు లేరు, ఇద్దరికి తెలియదు. శనివారం ఆ పిల్లల ముందు నిలబడి ఏం చెబుతానో, అసలు వెళ్తానో లేదో, నాకే తెలియదు. కాని ఆ చెట్ల కింద బంతి నేనే పడేశాను, అన్న మాటని ఇప్పుడే పైకి అని చూశాను, కార్లో, ఒక్కణ్ణే, తెలుగులో. గొంతు నాదిలా లేదు. రెండోసారి అన్నప్పుడు నాదే అనిపించింది. ఎనిమిదేళ్ళలో నేను ఆ నిజాన్ని పైకి అనడం ఇదే మొదటిసారి, అది అన్నాక ఊపిరి కిందిదాకా వెళ్ళింది. అంతకు మించి ఏమీ మారలేదు.